మోకాలు వంచని నడక

ఆసియా అథ్లెటిక్స్ పోటీల చరిత్ర రెండు పేజీల్లో రాసిపెట్టమని మా హెడ్మాస్టారు అడిగి చాలా రోజులైంది. స్కూలు ఆటల పండక్కి ఒక పుస్తకం వేస్తున్నారు. "మీకు కంఠతా వచ్చు కదండీ మేడంగారూ, ఓ గంట కూర్చుంటే అయిపోద్ది" అన్నారాయన. కంఠతా వచ్చిన మాట నిజమే. చిక్కల్లా ఆ కూర్చోవడంలోనే ఉంది. తాడేపల్లిగూడెంలో పిల్లలకి ఆటలు నేర్పే ఈ ఉద్యోగం నాకు నచ్చడానికి మొదటి కారణం స్టాఫ్ రూములో నాకంటూ కుర్చీ లేకపోవడం. కుర్చీలో కూర్చుంటే చాలు, కాలు దానంతటదే ఊగుతుంది. "కాలు ఊపకే, ఇంటికి దరిద్రం" అని మా అమ్మ నా తొడ మీద ఎన్ని దెబ్బలు వేసిందో. కాలు ఆగితే చెయ్యి మొదలెడుతుంది, చెయ్యి ఆగితే నోరు.

ఇప్పటికి వంటింట్లోకి వెళ్ళొచ్చాను, డాబా మీదికి వెళ్ళొచ్చాను, ఎండిన బట్టలు తెచ్చాను, ఎండనివి కూడా తెచ్చేసి మళ్ళీ తీసుకెళ్ళి ఆరేశాను. కాగితం మీద ఒక్క వాక్యమే ఉంది. "ఈ పోటీలు మొట్టమొదట మనీలాలో జరిగాయి." దాని కింద ఏం రాయాలో హెడ్మాస్టారికి బాగా తెలుసు. ఏ ఏడు ఏ దేశానికి ఎన్ని పతకాలు, మనవాళ్ళ స్థానం ఎంత, చివర పిల్లలకి ఒక నీతి. అలాంటి చరిత్ర ఫోనులో నొక్కితే వస్తుంది. నాకు వచ్చిన చరిత్ర కాళ్ళతో వచ్చింది. దాన్ని కాగితం మీద పెట్టాలంటే మా ఊరి గట్టు దగ్గర మొదలుపెట్టాలి, ఆయన చూస్తే గుండె బాదుకుంటారు.

మాది కొల్లేటి లంక. ఏలూరు వెళ్ళే తారురోడ్డు మా ఇంటి నుంచి చూస్తే కనిపిస్తుంది, కానీ దాన్ని అందుకోవాలంటే చేపల చెరువుల మధ్య గట్టు మీద పడి నడవాలి. ఇప్పుడు కొంతమేర గ్రావెల్ పోశారు. నా చిన్నప్పుడు అంతా నల్లమట్టి. ఎండాకాలం ఇనుములా ఉంటుంది, రెండు చినుకులు పడితే నెయ్యి రాసినట్టు అవుతుంది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క కూడా చెరువే. ఆ గట్టు మీద మా అమ్మ తెల్లారగట్ట నెత్తిన చేపల గంపతో నడిచేది. గంపలో జెల్లలు, కొర్రమేనులు ఇంకా కదులుతూ ఉండేవి. అవి కదిలినా అమ్మ తల కదిలేది కాదు. నడుం కింద మాత్రమే నడక ఉండేది.

బడి తారురోడ్డు పక్కన ఉండేది. మా డ్రిల్లు మాస్టారు ఒకరోజు వానలో గేటు దగ్గర నిలబడి, గట్టు మీద నుంచి వస్తున్న మమ్మల్ని చూశారట. నేను ఒకరి తర్వాత ఒకరిని సైకిళ్ళవాళ్ళని దాటుకుంటూ వస్తున్నాను. బురదలో సైకిలు దిగి తోసుకునేవాళ్ళని దాటడం ఏమంత గొప్ప కాదు, ఆ ముక్క ఆయనకి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పిలిచి, "నడక పోటీ అని ఒకటి ఉంటుందమ్మా, తెలుసా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నడకకి పోటీ ఏమిటి, రేపు అన్నం తినడానికి కూడా పెడతారు కాబోలు అనుకున్నాను.

ఆయనకి ఈ ఆసియా పోటీలంటే పిచ్చి. కుర్రతనంలో అవి ఢిల్లీలో జరిగినప్పుడు ఏలూరు స్టేషన్లో జనరల్ పెట్టె ఎక్కి, దారంతా దాదాపు నిలబడే వెళ్ళి చూసొచ్చారు. అక్కడ పరుగులు చూశారు, దూకుళ్ళు చూశారు, చివరికి నడక పోటీ చూశారు. నడుములు తిప్పుకుంటూ వెళ్ళే ఆ మనుషుల్ని చూసి వెనక వరసల్లో జనం ఒకటే నవ్వారట. "నవ్వేవాళ్ళందరూ కూర్చుని ఉన్నారమ్మా" అని మాస్టారు ఆ మాట ఎప్పుడు చెప్పినా ముక్కుపుటాలు అదిరేవి. అప్పట్నుంచి ఆ పోటీలు ఎక్కడ జరిగినా ఆయనకి కబురు తెలియాల్సిందే. ఇంట్లో ఆడపిల్లల పుట్టినరోజులు మర్చిపోయేవారు గానీ జకార్తా ఏ ఏడో మర్చిపోయేవారు కాదు. వాళ్ళావిడ ఆ విషయం మీద ఆయన్ని జీవితాంతం దెప్పింది.

మొదటి పోటీ నాకు ఏలూరులో. జిల్లా స్థాయి. గ్రౌండ్ చుట్టూ పొద్దున వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషులు పల్లీలు తింటూ చూస్తున్నారు. విజిల్ ఊదగానే నేను బాణంలా పోయాను. రెండో చుట్టుకే నా వెనక ఎవరూ లేరు. గెలిచేశానని నాకు అనుమానమే లేదు, ఇంటికెళ్ళి అమ్మకి ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను. అప్పుడు తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ పసుపు పలక ఒకటి ఎత్తి నాకు చూపించింది. దాని మీద విరిగిన గీత లాంటి బొమ్మ ఉంది. నాకు అర్థం కాక నవ్వి ఊరుకున్నాను. కాసేపటికి ఇంకో పలక వచ్చింది, ఈసారి ఎర్రది. పక్కకి రమ్మన్నారు.

"నేను పరిగెత్తలేదండీ" అన్నాను.

"పరిగెత్తావని ఎవరన్నారమ్మా? మోకాలు వంచావు."

"వంచకపోతే ఎలా నడుస్తారండీ?"

ఆవిడ పాపం నిజంగానే నవ్వింది, వెక్కిరింపుగా కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నడక పోటీకి ఉన్నవి రెండే సూత్రాలని మాస్టారు తిరుగు బస్సులో చెప్పారు. రెండు కాళ్ళూ ఒకేసారి నేల విడవకూడదు. ముందుకు వేసిన కాలు నేలని తాకిన దగ్గర్నుంచి ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు కర్రలా నిటారుగా ఉండాలి. ముందే ఎందుకు చెప్పలేదండీ అని గొడవ పెట్టుకున్నాను. "మోకాలు నిటారుగా పెట్టడం నేర్పాల్సిన సంగతని నాకేం తెలుసమ్మా, అందరికీ దానంతటదే వస్తుంది" అన్నారు.

అందరికీ వస్తుంది, మా లంకలో రాదు. నల్లమట్టి గట్టు మీద మడమ ఆనించి మోకాలు బిగిస్తే కాలు జర్రున జారి చెరువులోకి పోతుంది. మావాళ్ళు పాదం బల్లపరుపుగా వేస్తారు, వేళ్ళతో మట్టిని పట్టుకుంటారు, మోకాలు కొంచెం వంచి మెత్తగా ఉంచుతారు. ఎక్కడ జారబోయినా ఆ మెత్తదనంలోనే సర్దుకుపోతుంది. నెత్తిన బరువుంటే ఇంకాస్త వంచుతారు. మా ఊరి ముసలాళ్ళ నుంచి పాలు మానిన పిల్లల దాకా అదే నడక. గట్టు మీద మోకాలు బిగించి వస్తున్న మనిషి దూరాన కనిపిస్తే, పొరుగూరి చుట్టమైనా అయ్యుండాలి, బ్యాంకు లోన్ల ఆఫీసరైనా అయ్యుండాలి. నేను అలా నడుస్తున్నానని నాకే తెలియదు. నీళ్ళలో చేప నీళ్ళని చూస్తుందా?

మాస్టారు ఊరుకునే మనిషి కాదు. నన్ను తాడేపల్లిగూడెంలో మా పిన్ని ఇంట్లో పెట్టించారు. గూడెంలో ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది. విమానాలు పోయాయి, సిమెంటు మిగిలింది. దాని మీద ధాన్యం ఆరబోస్తారు, కారు నేర్చుకుంటారు, షుగరున్నవాళ్ళు నడుస్తారు. బద్దలైన చోట గడ్డి మొలిచినా, చూపు ఆనినంత దూరం బల్లపరుపు నేల. నేను పుట్టి బుద్ధెరిగాక అంత గట్టి నేలని అదే చూడడం. దాని మీద మాస్టారు వీలైనప్పుడల్లా బస్సులో వచ్చి నా మోకాళ్ళ వెనక చీపురు పుల్లలు పెట్టి గుడ్డపీలికలతో కట్టేవారు. మోకాలు వంగితే పుల్ల పుటుక్కుమనేది, చర్మానికి గుచ్చుకునేది. సాయంత్రానికి నా పిక్కల మీద ఎర్రటి గాట్లు. మా పిన్ని గాట్లు చూసి బాధపడుతుందనుకుంటే, "కొత్త చీపురే అది, నెల తిరక్కుండా బోడి చేశావు కదే" అని గోల పెట్టింది.

ఆసియా పోటీల చరిత్ర నాకు ఆ రన్‌వే మీదే వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక ఊరు. మనీలా అని బయల్దేరాలి, సియోల్ అని తిరగాలి. అడుగుల వేగం తగ్గకుండా ఊపిరి తీసుకుంటూ పేరు పైకి అనాలి. మనీలా, సియోల్, టోక్యో, మళ్ళీ టోక్యో, కువైట్, జకార్తా, సింగపూర్, ఢిల్లీ. సియోల్‌కీ టోక్యోకీ మధ్య ఒక విడత జరగలేదని చెప్పి, అక్కడ పేరు లేకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకి ఊరికే నడిపించేవారు. ఢిల్లీ వచ్చేసరికి ఆయన గొంతు కలిసేది. ఆ తర్వాత కౌలాలంపూర్, మళ్ళీ మనీలా, అలా కొలంబో, అమ్మాన్, పూణె దాకా. పుల్లలు గుచ్చుకుంటుంటే ఊరు పేర్లు బూతుల్లా అరిచేదాన్ని. ధాన్యం ఆరబోసుకునే ఆడాళ్ళు, "ఏవండీ మాస్టారూ, ఈ పిల్లకి జాగ్రఫీ పరీక్ష ఉందాండీ?" అని అడిగారు ఒకసారి.

ఇక్కడ లేచి ఒకసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. తప్పలేదు.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నాకు అంతకంటే కాస్త ఎక్కువే పట్టింది గానీ పుల్లలు విరగడం మానేశాయి. మోకాలు బిగిసింది. మడమ ముందు, నడుం వెనకాల, అంతా గడియారంలా పడుతోంది. ఒక శనివారం ఆ గర్వంతోనే ఊరికి వెళ్ళాను. ముందురోజే వాన పడింది. అమ్మ తలమీది గంప నేను తీసుకుంటానని పట్టుబట్టాను, ఇచ్చింది. నాలుగంగలు వేశానో లేదో మడమ జారింది. నేనొకవైపు, గంపొకవైపు, చేపలు వాటి చెరువులోకి అవి. మా ఊరి గట్టు మీద మా ఊరి పిల్ల పడింది. అలాంటిది ఎవరూ కనీ వినీ ఎరగరు. మధ్యాహ్నానికి లంకంతా పాకిపోయింది. "గూడెం పిల్లొచ్చిందర్రోయ్, దారివ్వండి" అని కుర్రాళ్ళు ఎకసెక్కాలు. అమ్మ మాత్రం నా మోకాలి మీద మట్టి కడుగుతూ, "ఎవరి నడక నేర్చుకొచ్చావే ఇది?" అని ఒక్కమాట అంది. పోయిన చేపల ఊసెత్తలేదు.

అప్పట్నుంచి నాకు రెండు నడకలు. బస్సు దిగి గట్టెక్కేటప్పుడు ఒకటి, గూడెంలో దిగాక ఒకటి. చెప్పులు మార్చుకున్నట్టు మార్చుకోవచ్చనుకున్నాను.

ఆసియా పోటీలు భువనేశ్వర్‌కి వచ్చినప్పుడు మాస్టారు నన్ను తీసుకెళ్ళారు. మన దేశంలోనే వేరే ఊళ్ళో జరగాల్సినవి చివర్లో అక్కడికి మారాయి. మాకు ఒక రాత్రి రైలు ప్రయాణం, అదృష్టం అనుకున్నాం. ఆ ఏడు మనవాళ్ళు పతకాల్లో అందరికంటే పైన నిలిచారు, స్టేడియం హోరెత్తిపోయింది. నేను మాత్రం కాలు కాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాను. ఎందుకంటే నడక పోటీ లేదు. ఆసియా పోటీల్లో అదో తమాషా, నడక ఒక విడత ఉంటుంది, ఒక విడత ఉండదు. పరుగులవాళ్ళకి ఈ బాధ తెలియదు. వంద మీటర్ల పరుగు ఈసారి ఉంటుందో లేదో అని ఏ తల్లి బిడ్డా భయపడదు. "ఇంత దూరం వచ్చి మనది లేదేంటండీ" అంటే, "వచ్చే విడత పెడతారమ్మా" అన్నారు మాస్టారు. వచ్చే విడత దోహాలోనూ పెట్టలేదు. "ఆ వచ్చే విడత" అన్నారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఉంటుందో ఉండదో తెలియని పోటీకి నేను ఒళ్ళు హూనం చేసుకున్నాను. అయినా ఒక్కొక్క మెట్టే ఎక్కాను. రాష్ట్రంలో గెలిచాను, దేశంలో మొదటి నలుగురిలోకి వచ్చాను, ఉత్తరాదిన పెద్ద క్యాంపులో చోటు వచ్చింది. దోహా తర్వాతి పోటీలకి నన్ను పంపుతారన్న మాట అక్కడ చెవిన పడుతూ ఉండేది. నాకు కావలసింది పతకం కూడా కాదు. నా పేరు పక్కన ఒక దేశం, ఒక ఊరు, ఒక అంకె. చిట్టచివర వచ్చినా ఫలితాల్లో రాస్తారు కదా, అది చాలు. మాస్టారు పేర్లు చదివే ఆ వరసలో ఒక ఊరిని నా కాలితో తొక్కాలి. ఇంతకంటే పెద్ద కోరిక నాకు ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అప్పుడు కరోనా వచ్చింది. క్యాంపు మూసేసి అందర్నీ ఇళ్ళకి పంపారు. గూడెం వెళ్దామంటే బస్సుల్లేవు, రోడ్డెక్కితే పోలీసులు. మా పిన్ని ఉండే వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు. లంకలో ఇల్లు, ఇంటి ముందు ఆరడుగుల అరుగు, చుట్టూ నీళ్ళు. మాస్టారు రోజూ ఫోన్ చేసేవారు.

"అరుగు మీద మోకాలు కసరత్తులు చేసుకో. గట్టు మాత్రం ఎక్కకమ్మా."

"ఎన్నాళ్ళండీ?"

"ఎన్నాళ్ళైనా. కూర్చో. ఊరికే కూర్చో. కూర్చుంటే బలం పోతుంది, పోనీ, మళ్ళీ వస్తుంది. గట్టెక్కితే మోకాలు పోద్ది."

ఆయన చెప్పింది బుర్రకి ఎక్కింది, కాళ్ళకి ఎక్కలేదు. రెండు వారాలు అరుగు మీద ఉన్నాను. రాత్రిళ్ళు పిక్కలు వాటంతటవే ఎగిరేవి. పక్కింటి ఆవిడ ఏమన్నా కసిరేదాన్ని, పళ్ళెం చప్పుడైతే అరిచేదాన్ని. మా అమ్మే, "ఈ పిల్ల ఇలాగే ఉంటే నాకు పిచ్చెక్కుద్ది, పోయి నడవనీయండి" అని మాస్టారితో ఫోన్లో పోట్లాడింది. చెరువుల మీద పనివాళ్ళు రావడం మానేస్తే మేత బస్తాలు మోసేవాళ్ళు కూడా కరువయ్యారు. నేను గట్టెక్కాను. పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు, తవుడు బస్తా భుజాన. మొదటి వాన దాకా మోకాలు నిటారుగానే పెట్టాను, ప్రమాణం చేసి చెప్పగలను. వాన పడ్డాక ఎవరు పెట్టగలరు?

ఆ పై ఏడు జరగాల్సిన ఆసియా పోటీలు జరగనే లేదు. ఈ మాట మా హెడ్మాస్టారి పుస్తకంలో ఒక వాక్యం అవుతుంది, "కరోనా కారణంగా రద్దయ్యాయి" అని. దోహా తర్వాత బ్యాంకాక్ అని పిల్లలు గబగబా చదివేస్తారు. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో నేను తవుడు బస్తా మోస్తూ ఉన్నాను. మాస్టారికి కబురు నేనే చెప్పాను, ఫోన్లో వార్త చూసి. ఆయన, "సియోల్‌కీ టోక్యోకీ మధ్య కూడా ఒకటి పోయింది కదమ్మా, మళ్ళీ జరిగాయి" అన్నారు. ఆ ఓదార్పుకి నాకు మరింత కోపం వచ్చింది. సియోల్‌కీ టోక్యోకీ మధ్య కూడా ఎవరో ఒక పిల్ల ఉండే ఉంటుంది, ఆ పిల్ల సంగతి ఎవరికి కావాలి?

బ్యాంకాక్‌లో నడక ఉందని తెలిసిన రోజు మాస్టారు మా ఇంటికి మిఠాయి పొట్లంతో వచ్చారు. ఆయన కూడా గట్టు మీద జారి పంచె అంతా బురద చేసుకుని వచ్చారు. అప్పటికి నేను మళ్ళీ క్యాంపుకి వెళ్ళడం, రావడం మొదలైంది. బలం ఉంది, వేగం కూడా మునుపటికంటే ఎక్కువే ఉంది. చలాకీగా ఉన్నంతసేపు మోకాలు చెప్పినమాట వింటోంది. అలిసిపోతే మాత్రం వినడం లేదు. చివరి కిలోమీటర్లలో ఒళ్ళు బరువెక్కగానే అది మెత్తబడుతోంది, నెత్తిన గంప ఉందనుకుంటోంది కాబోలు. మళ్ళీ చీపురు పుల్లలు కట్టాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, ఇక పుల్లలకి పోతుందా?

ఎంపిక పోటీ ఉత్తరాదిన ఒక ఊళ్ళో, చలికాలం. రోడ్డు మీద ఒక కిలోమీటరు అటూ ఇటూ తిరిగే దారి, దాని పొడుగునా జడ్జీలు. ఇద్దర్ని పంపుతారని చెప్పారు. మలుపు దగ్గర నల్లబోర్డు లాంటిది పెట్టి, ఏ నంబరుకి ఎన్ని ఎర్రచుక్కలు పడ్డాయో చూపిస్తారు. మూడు పడితే బయటికే. మాస్టారు కోతిటోపీ, శాలువా, చేతిలో నీళ్ళ సీసాతో ఆ మలుపులో నిలబడ్డారు. నాతోపాటు రైల్లో రెండు పగళ్ళు కూర్చుని వచ్చిన మనిషి, దారిలో ఒక్కసారి కూడా బ్యాంకాక్ పేరెత్తలేదు.

సగం దాటేదాకా నేను మూడో స్థానంలో ఉన్నాను, తర్వాత రెండులోకి వచ్చాను. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. అప్పుడు మొదటి చుక్క పడింది. ఫర్వాలేదు అనుకున్నాను. ఇంకొన్ని చుట్లకి రెండో చుక్క. మలుపులో మాస్టారు నీళ్ళివ్వడం మర్చిపోయి, "మోకాలు, తల్లీ, మోకాలు" అని అరుస్తున్నారు. ఆ ఊళ్ళో ఆ ముక్క అర్థమయ్యేది ఇద్దరికే. నాకు అర్థమైంది. వేగం తగ్గించి మోకాలు బిగించాను. ఒక చుట్టు తిన్నగా వేశాను, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళొస్తున్నా వేశాను. అప్పుడు వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఒక పిల్ల, నాకంటే చిన్నది, నా పక్కకి వచ్చేసింది. ఊపిరి కూడా సరిగ్గా తీస్తోంది, దొంగముండ. ఆ పిల్లని పోనిస్తే బ్యాంకాక్ వెళ్ళేది ఆ పిల్ల. పట్టుకుంటే నా మోకాలు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆలోచించడానికి నిలబడే ఆట కాదది. నేను పట్టుకున్నాను. ఆమెను దాటాను కూడా. ఆ కాస్త దూరం నేను నడిచినంత వేగంగా నా జీవితంలో ఎప్పుడూ నడవలేదు.

చివరి మలుపు తిరిగేసరికి పెద్ద జడ్జి, ఒకావిడ, రోడ్డు మధ్యకి వచ్చి నా ఎదురుగా ఎర్రపలక ఎత్తారు. నియమం ప్రకారం వెంటనే దారి వదిలి, గుండె మీది నంబరు తీసెయ్యాలి. పిన్నులు ఊడదీస్తుంటే ఒకటి వేలికి గుచ్చుకుంది. నా ముందు నుంచే ఆ చిన్నపిల్ల వెళ్ళిపోయింది, మోకాలు చక్కగా నిటారుగా పెట్టుకుని. మాస్టారు శాలువా తెచ్చి నా మీద కప్పారు. ఆయన ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జడ్జి మీద, ఆ పిల్ల మీద, కొల్లేరు మీద, మనీలాలో ఈ పోటీలు మొదలుపెట్టిన మహానుభావుల మీద. లాడ్జికి వచ్చాక కూడా గదిలో ఉండలేక వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. వయసు, ఉద్యోగం, ఇంటి పరిస్థితి అన్నీ లెక్క వేస్తే ఇంకో విడత నాకు లేదని తెలుసు. అక్కడ తిరుగుతూనే అమ్మకి ఫోన్ చేశాను.

"అయిపోయిందమ్మా. మధ్యలో ఆపేశారు."

"పడ్డావా?"

"లేదు."

"దెబ్బేమన్నా తగిలిందా?"

"లేదమ్మా."

"మరెందుకాపేశారే?"

"మోకాలు వంచానని ఒకావిడ ఎర్రపలక ఎత్తింది."

వాళ్ళ నియమాలు నేను ఎన్నిసార్లు చెప్పినా అమ్మకి ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

"అలిసిపోయినప్పుడు వంచకపోతే పడిపోతావు కదే" అంది. "నీకు అడుగులొచ్చిన ఏడు వానలు ఆగలేదు. వానాకాలమంతా గట్టు మీద నీ చెయ్యి పట్టుకుని, వంచు, వంచు, ఇంకాస్త వంచు అని నేనే నేర్పాను. మన వీధిలో నీ ఈడు పిల్లలు ఇద్దరు చెరువులో పడి పోయారు. నువ్వు ఒక్కసారీ జారలేదు. అది తప్పంటారేంటే వాళ్ళు?"

అప్పుడు ఏడ్చాను. వరండాలో గోడకి ఆనుకుని, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా, కుళ్ళికుళ్ళి ఏడ్చాను. నన్ను ఎవరో ఏదో అన్నారనుకుంది అమ్మ. "ఏడవకే, నువ్వేడవకు" అంటూనే గొంతు పెంచింది. "ఆ పలక ఎత్తినావిడ అక్కడే ఉందా? ఫోను ఆవిడకివ్వు. నేను మాట్లాడతాను."